మందు ఆపండి, ముందు నీళ్లు చూడండి

పోయిన శ్రావణంలో ఒక సోమవారం. ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు హార్లిక్స్ సీసాను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడ్డాడు. సీసాలో నీళ్లు సిరా కలిపినట్టు నీలంగా ఉన్నాయి. ఆ నీలంలో బొటనవేలంత గోల్డ్‌ఫిష్ ఒకటి పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"ఏం వేశావురా నీళ్లలో?" అన్నాను.

"షాపాయన నీలం మందు ఇచ్చాడు సార్. తగ్గలేదు. అమ్మమ్మ చిటికెడు పసుపు వెయ్యమంది. నిన్న ఇంట్లో మిగిలిపోయిన గొట్టం మాత్ర విప్పి ఆ పొడి కూడా వేశాను."

"అసలు దానికి వచ్చిన జబ్బేమిటి?"

వాడు తల వంచుకున్నాడు. "తెలీదు సార్. రెండోది మొన్ననే చచ్చిపోయింది. దీన్నయినా బతికించండి."

పిల్లలూ, చూశారా! మందులు మూడు పడ్డాయి. జబ్బు పేరు మాత్రం ఒక్కటీ తెలియదు. ఆ కుర్రాణ్ణి తప్పు పట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. మన పెద్దవాళ్లం చేసే పనే వాడూ చేశాడు. ఒళ్లు వెచ్చబడితే చాలు, ఎందుకు వెచ్చబడిందో కనుక్కోకుండానే మందుల షాపుకు పరుగెత్తే అలవాటు మనకుంది. ఆ అలవాటే చేపల తొట్టి దాకా పాకింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గోల్డ్‌ఫిష్‌కు బాగులేదనిపించినప్పుడు మొదట పరీక్షించవలసింది చేపను కాదు, నీళ్లను. నీళ్లను పరీక్షించకుండా వేసిన ఏ మందైనా చీకట్లో విసిరిన రాయే. నా మాట గుడ్డిగా నమ్మకండి. కారణాలు చెబుతాను, మీరే తేల్చుకోండి.

కంటికి కనిపించని విషం

మనం గాలిలో బతుకుతాం. మన మలమూత్రాలు ఎక్కడో పోతాయి. చేప సంగతి అలా కాదు. అది తాను ఊపిరి పీల్చే నీళ్లలోనే తన వ్యర్థాలను కూడా వదలాలి. చేప తిన్న మాంసకృత్తుల నుంచి అమ్మోనియా తయారవుతుంది. అందులో ఎక్కువ భాగం మొప్పల గుండానే నీళ్లలోకి వస్తుంది. తినగా మిగిలి కుళ్లిన మేత నుంచి కూడా అమ్మోనియా పుడుతుంది. చెరువులోనైతే ఇది బోలెడు నీళ్లలో కలిసి పలచబడుతుంది. నాలుగు లీటర్ల గాజు పాత్రలో ఎక్కడికి పోతుంది?

అమ్మోనియాను మింగి బతికే బాక్టీరియా కొన్ని ఉన్నాయి. అవి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషాలే. నైట్రేట్ మాత్రం చాలా తక్కువ హాని చేస్తుంది. నేలలో జరిగే ఈ పనిని 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు వెలికి తీశాడు. మీ పాఠ్యపుస్తకంలోని నత్రజని వలయం ఇదే. ఈ రెండు మెట్లనూ ఒకే బాక్టీరియా ఎక్కగలదని 2015లో మరి కొందరు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అంటే పుస్తకంలో వలయం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన కథ అయిపోలేదన్నమాట!

ఈ బాక్టీరియా నీళ్లలో కంటే గులకరాళ్ల మీద, ఫిల్టరు స్పాంజి మీద, తొట్టి గోడల మీద ఎక్కువగా అంటుకుని ఉంటాయి. కొత్త తొట్టిలో అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూడండి. ఆదివారం రాగానే నీళ్లన్నీ పారబోస్తాం. గులకరాళ్లను సబ్బుతో తోమి ఎండబెడతాం. తొట్టి తళతళలాడుతుంది. కాని ఆ తళతళతో పాటు చేపకు కాపలా కాసే బాక్టీరియా కూడా మోరీలో కలిసిపోతాయి. సోమవారం నుంచి అమ్మోనియా మళ్లీ పోగవుతుంది. నీళ్లు మాత్రం అద్దంలా కనిపిస్తాయి. అద్దంలా ఉన్న నీళ్లు మంచి నీళ్లని అనుకోవడమే మన మొదటి పొరపాటు.

ఇంకొక చిక్కు ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. వాయు రూపం బాగా విషం, అయాను రూపం అంత విషం కాదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి పి.హెచ్. 7 అయితే, మొత్తం అమ్మోనియాలో విష రూపం నూటికి 1 పాలు కూడా ఉండదు. పి.హెచ్. 8 అయితే 5 పాళ్లు దాటుతుంది. 9 అయితే మూడో వంతుకు పైమాటే. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షారగుణం కలవి. కాబట్టి పక్క ఊరి చేప తట్టుకున్న మురికిని మీ ఇంటి చేప తట్టుకోలేకపోవచ్చు.

ఊపిరి లెక్క

రెండో విషయం ఆక్సిజన్. 20 డిగ్రీల వద్ద ఒక లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. అదే వేడికి చేప ఒంట్లో జీవక్రియలు వేగం పుంజుకుని దానికి ఆక్సిజన్ మరింత ఎక్కువ కావాలి. రాబడి తగ్గి ఖర్చు పెరిగినట్టు! మన వేసవి మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పాలా?

కొల్లేరు చుట్టుపక్కల బొచ్చె, శీలావతి చేపలు పెంచే రైతుల్ని అడగండి. వాళ్లు తెల్లవారుజామున చెరువు గట్టు మీద నిలబడి నీళ్ల వైపు చూస్తారు. రాత్రంతా నీటిలోని నాచూ చేపలూ కలిసి ఆక్సిజన్ వాడుకుంటాయి. సూర్యుడు రాకముందు అది బాగా అడుగంటుతుంది. అప్పుడు చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రైతు ఆ సమయంలో మందు డబ్బా వెతకడు. గాలిచక్రాలు తిప్పుతాడు, కొత్త నీళ్లు పెడతాడు. మన గోల్డ్‌ఫిష్ కూడా ఆ బొచ్చె, శీలావతి, బంగారుతీగల కుటుంబానికి చెందినదే. చెరువు రైతుకు తెలిసిన ఈ సంగతి గాజు పాత్ర కొన్న మనకు తెలియకపోతే ఎలా?

గాజు పాత్ర అన్నాను కనుక ఒక చిన్న లెక్క. 25 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల మూతి ఉన్న గుండ్రని పాత్ర తీసుకోండి. సగం దాకా నీళ్లు పోస్తే గాలి తగిలే నీటి వైశాల్యం సుమారు 490 చదరపు సెంటీమీటర్లు. అందంగా ఉంటుందని మూతి దాకా నింపితే 79 మాత్రమే! నీళ్లు పెరిగాయి, ఊపిరి కిటికీ ఆరో వంతుకు మూసుకుపోయింది. అదే 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సాదా ప్లాస్టిక్ తొట్టిలో 1,350 చదరపు సెంటీమీటర్లు. ఇటలీలోని మోంజా నగరం 2004లో గుండ్రని పాత్రల్లో గోల్డ్‌ఫిష్‌ను పెంచరాదని ఆంక్ష పెట్టింది. మరుసటి ఏడు రోమ్ నగరం కూడా అదే బాట పట్టింది. నన్నడిగితే గుండ్రని పాత్ర ఊరగాయకు పనికొస్తుంది, చేపకు పనికిరాదు.

"గోల్డ్‌ఫిష్ గట్టి ప్రాణి, ఎక్కడైనా బతుకుతుంది" అనేవారున్నారు. గట్టిదే. గడ్డకట్టే చలిలో, ఆక్సిజన్ దాదాపు లేని నీటిలో కూడా అది తన కండరాల్లో ఆల్కహాల్ తయారు చేసుకుని కొంతకాలం నెట్టుకురాగలదు. అయితే ఆ నేర్పు చల్లని చెరువుల కోసం ఏర్పడింది, మన ఏప్రిల్ నెల కోసం కాదు. పైగా గట్టిదనం వల్ల అది వెంటనే చావదు, చాలాకాలం బాధపడుతుంది. బ్రిటన్‌లో ఒక గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. మన ఇంట్లో ఆరు నెలలు బతికితే "పాపం, దాని ఆయుష్షు అంతే" అనేస్తున్నాం!

డాక్టరు అడిగే ప్రశ్నలు

ఇక రోగనిర్ణయం. మంచి వైద్యుడు స్టెతస్కోపు పెట్టకముందే ప్రశ్నలు అడుగుతాడు. మీరూ అడగండి. బాధ ఎప్పుడు మొదలైంది? చివరిసారి నీళ్లు ఎప్పుడు మార్చారు, ఎన్ని మార్చారు? కొళాయి నీళ్లా, బోరు నీళ్లా? రోజుకు ఎంత మేత వేస్తున్నారు? కొత్త చేపను గాని, మొక్కను గాని తెచ్చి వేశారా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: బాధ అన్ని చేపలకూ ఒకేసారి వచ్చిందా, ఒకదాని తరువాత ఒకదానికి వచ్చిందా? ఒకేసారి వస్తే నీళ్లను అనుమానించండి. ఒకదాని నుంచి ఒకదానికి రోజుల తేడాతో వస్తే సూక్ష్మజీవుల్ని అనుమానించండి. ఇది తీర్పు కాదు, దారి చూపే గుర్తు మాత్రమే.

తరువాత చేపను చూడండి. చేత్తో పట్టుకోకుండా పది నిమిషాలు ఊరికే చూడండి. పైకి తేలి నోరు తెరుస్తూ, మొప్పలు వేగంగా ఆడిస్తుంటే ఆక్సిజన్, అమ్మోనియా, నైట్రైట్‌లలో ఏదో ఒకటి కావచ్చు.

ఒంటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలుంటే అది తెల్లమచ్చల జబ్బు. దాన్ని కలిగించే ఇక్తియాఫ్తీరియస్ అనే ఏకకణ జీవికి ఫూకె అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1876లో పేరు పెట్టాడు. మీరు సూక్ష్మదర్శినిలో చూసే పారమీషియంకు ఇది చుట్టం. చేప చర్మం కింద దాక్కుని పెరుగుతుంది. పెరిగాక రాలిపడి, తొట్టి అడుగున గూడు కట్టుకుని, విభజన చెంది వందల పిల్లలవుతుంది. ఆ పిల్లలు నీళ్లలో ఈదుతూ చేపను వెతికేటప్పుడే ఏ మందైనా వాటిని చంపగలదు. చర్మం కింద ఉన్నప్పుడు, గూట్లో ఉన్నప్పుడు చంపలేదు. అందుకే మూడో రోజున చుక్కలు మాయమవగానే మందు ఆపితే వారం తిరిగేసరికి రెట్టింపుగా వస్తాయి. అయితే ఒక మెలిక! ఈడొచ్చిన మగ గోల్డ్‌ఫిష్‌కు మొప్పమూతల మీద, ఛాతీ రెక్కల ముందు అంచున తెల్లని చుక్కలు సహజంగానే వస్తాయి. అవి జబ్బు కాదు, జత కట్టే రోజుల గుర్తు. చుక్క చూడగానే మందు పోసేవాడు ఆరోగ్యవంతుడికి వైద్యం చేస్తాడు.

గాయం మీద దూదిలాంటి తెల్లని పెరుగుదల బూజు జాతిది. రెక్కల అంచులు చిరిగి కుళ్లుతుంటే బాక్టీరియా. ఒంటికి పచ్చని బిళ్లలా అంటుకుని పాకేది చేప పేను. పేరుకు పేనైనా వరసకు అది రొయ్యకు చుట్టం. బొద్దు చేప మేత తిన్నాక పక్కకు ఒరిగి తేలుతుంటే గాలితిత్తి ఇబ్బంది. అలాంటి చేపను ఒకటి రెండు రోజులు పస్తు పెట్టి, తరువాత ఉడికించి తోలు తీసిన బఠానీ ముక్క పెట్టి చూడవచ్చు. పొట్ట ఉబ్బి, పొలుసులు తాటాకు బుట్ట అల్లికలా విచ్చుకుంటే అది చాలాసార్లు మూత్రపిండాలు పాడైన గుర్తు. అంత దాకా వచ్చిన చేప బతకడం అరుదు. ఆ మాట మీకు ముందే చెప్పడం మంచిది.

పైకి కనిపించే పుండును చూసి అసలు కారణాన్ని పొరబడటం పిల్లలు మాత్రమే చేసే పని కాదు. 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రాల్లో చేపలకు ఒళ్లంతా పుండ్లు పడే జబ్బు ప్రవేశించి, తరువాత చాలా రాష్ట్రాలకు పాకింది. పుండ్లలో బాక్టీరియా కనిపించాయి, వైరస్‌లు కూడా దొరికాయి. ఎవరికి వారు తమకు దొరికినదే దోషి అనుకున్నారు. మరి కొన్నేళ్ల పరిశోధన తరువాత గాని అసలు దోషి బూజును పోలిన వేరొక జీవి అని తేలలేదు. బాక్టీరియా తెరిచిన పుండులో చేరిన అతిథులు మాత్రమే. దొంగతనం జరిగిన ఇంట్లో కనిపించినవాడల్లా దొంగ కాడు కదా!

ఒక్కసారి ఒక్క మార్పు

మరి ఏం చెయ్యాలి? జబ్బు తెలియనప్పుడు హాని చెయ్యని వైద్యం ఒకటి ఉంది. మేత ఒక రోజు ఆపండి. అదే ఉష్ణోగ్రత ఉన్న, క్లోరిన్ పోయిన నీళ్లతో మూడో వంతు నుంచి సగం దాకా మార్చండి. గాలి మోటారు ఉంటే పెట్టండి. లేకపోతే చెంబుతో నీళ్లు తీసి మెల్లగా పైనుంచి ధారగా పోయండి. అక్వేరియం షాపుల్లో అమ్మోనియా, నైట్రైట్‌లను రంగుతో చూపే పరీక్ష సీసాలు దొరుకుతాయి. ఇంటికొకటి అక్కర్లేదు, తరగతికొకటి చాలు. నైట్రైట్ ఉంటే, లేదా తెల్లమచ్చలుంటే లీటరుకు ఒక గ్రాము కల్లుప్పు వేరే పాత్రలో కరిగించి పోయండి. అవసరమైతే రోజుకొక గ్రాము చొప్పున మూడు గ్రాముల దాకా పెంచవచ్చు. నైట్రైట్ మొప్పల్లోకి దూరకుండా ఉప్పులోని క్లోరైడు అడ్డుపడుతుంది. తెల్లమచ్చలకైతే చుక్కలు పోయాక కూడా వారం పైగా కొనసాగించాలి. ఉప్పు వేసేది చేపను విడిగా ఉంచిన తొట్టిలోనే, ఎందుకంటే మొక్కలు దాన్ని తట్టుకోలేవు. వీటికి లొంగకపోతే అప్పుడు పేరు తెలిసిన మందు, సీసా మీది మోతాదు, పెద్దల సాయం. వీలైతే పశువైద్యుని సలహా.

గొట్టం మాత్ర మాత్రం వద్దు. అది తెల్లమచ్చల జీవిని చంపదు, అమ్మోనియాను తొలగించదు. పైగా తొట్టిలోని మేలు చేసే బాక్టీరియాను దెబ్బ తీయవచ్చు. ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. చాలీచాలని మోతాదులో యాంటీబయాటిక్ వాడితే బాక్టీరియా దానికి అలవాటు పడి మొండికెత్తుతాయని పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే హెచ్చరించాడు. మీ తొట్టి నీళ్లు మోరీలోకి పోతాయి. అక్కడ పెరిగిన మొండి బాక్టీరియా చేపల దగ్గరే ఆగవు.

"పాతిక రూపాయల చేపకు ఇంత రాద్ధాంతమా? చస్తే ఇంకోటి కొంటే పోలా!" అని ఆ కుర్రాడి తండ్రి నాతో నవ్వుతూ అన్నారు. మంచి మనిషే. కాని నేను ఒప్పుకోలేకపోయాను. కారణం కనుక్కోకుండా ఇంకోటి కొంటే, అదీ అదే నీళ్లలో చస్తుంది. పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే: చావుకు కారణం వెతకనక్కర్లేదని. ఆ పాఠం చేపతో ఆగదు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక స్వంత కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట సైన్సు ప్రదర్శన ముందురోజు మా ప్రయోగశాల తొట్టి తళతళలాడాలని నీళ్లన్నీ తీసేసి, కొళాయి గొట్టం తిన్నగా అందులో పెట్టాను. తెల్లవారేసరికి ఆరు చేపలూ తేలిపోయాయి. "ఏదో అంటురోగం" అని పిల్లలతో చెప్పాను. అది రోగం కాదు, కొళాయి నీటిలోని క్లోరిన్. పది లీటర్ల నీటికి కందిగింజంత హైపో స్ఫటికం వేసి ఉంటే, లేదా ఆ నీళ్లను వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలవ ఉంచి ఉంటే సరిపోయేది. హైపో సీసా పక్క బీరువాలోనే ఉంది! నిజం తెలిశాక కూడా పిల్లలతో చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. సైన్సు మాస్టారు "ఏదో రోగం" అనడం కంటే పెద్ద రోగం లేదు.

ఇంతకీ ఆ హార్లిక్స్ సీసా చేప ఏమయిందంటారా? వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నిలవ నీళ్లు పోసి, దాన్ని అందులోకి మార్చాం. మందు ఏమీ వెయ్యలేదు. మరునాడు కుర్రాడు ఇంటి పాత్రలోని పాత నీళ్లు తెచ్చాడు. అమ్మోనియా పరీక్షలో అవి ముదురు ఆకుపచ్చకు తిరిగాయి. పోల్చి చూడటానికి పెట్టిన కొళాయి నీళ్లు పసుపుగానే ఉన్నాయి. చేప రెండో రోజు అడుగుకు దిగింది, అయిదో రోజు మేత తింది. నీళ్లు మార్చడం వల్లనే బతికిందని ఒక్క చేపతో రుజువు చేశానని అనను. షాపు మందు, పసుపు, గొట్టం మాత్ర ఏం చేశాయో ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే మూడూ ఒకేసారి పడ్డాయి. ఒక్కసారి ఒక్క మార్పే ఎందుకు చెయ్యాలో ఆ తరగతికి నేను మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

మీ ఇంట్లో చేపలుంటే ఇవాళే ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, నీటి ఉష్ణోగ్రత, మార్చిన నీళ్లు, వేసిన మేత, చూసిన సంగతి, ఈ అయిదూ రాయండి. మేత రెండు నిమిషాల్లో తినేంతే వెయ్యండి. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చండి. స్పాంజిని తీసిన తొట్టి నీళ్లలోనే పిండండి, సబ్బు వద్దు. పెంచలేమనిపిస్తే ఊరి చెరువులో మాత్రం వదలకండి. అలా వదిలిన గోల్డ్‌ఫిష్‌లు ఆస్ట్రేలియా, కెనడాల్లో స్థానిక చేపలకు ముప్పుగా మారాయి. పెంచగలిగినవారికి ఇచ్చేయండి.

ఆ కుర్రాడు కూడా నోటుబుక్కు పెట్టాడు. మొన్న తెచ్చి చూపించాడు. "వేసిన మందు" అని ఆరో గడి ఒకటి వాడే గీసుకున్నాడు. నాలుగు నెలలుగా అది ఖాళీగా ఉంది.